ఆఫీసు కంప్యూటరు ముందు కూడా మనం డ్యూటీలోనే ఉన్నాం

(కిరండూల్‌లో తెలుగు మాజీ సైనికులు, భద్రతా సిబ్బంది, గని కార్యాలయాల ఉద్యోగులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసులో ఇంటర్నెట్ వాడకానికి నియమాలు, వాటిని పాటించవలసిన అవసరం, ఇదీ నాకు ఇచ్చిన విషయం. ముందు నేను వద్దన్నాను. ఎందుకంటే ఈ విషయం మీద ఎవరైనా మాట్లాడడం మొదలుపెడితే ఐదు నిమిషాల్లో వినేవాళ్ళ చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తాయి. అదిగో, వెనక వరసలో అప్పుడే ఇద్దరు తీశారు. ఫరవాలేదు, మీ ఫోను మీ ఇష్టం. ఆఫీసు కంప్యూటరు సంగతే మనం మాట్లాడుకుందాం.

నేను సిగ్నల్స్ కోర్‌లో 24 ఏళ్ళు పనిచేశాను. సిగ్నల్స్ వాడికి మొదట నేర్పేది మాట్లాడడం కాదు, ఊరుకోవడం. రేడియో సైలెన్స్ అంటే సెట్టు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నోరు కట్టుకోవడం. శత్రువుకి మన మాట అర్థం కాకపోవచ్చు. కానీ మాట్లాడామన్న సంగతి తెలిస్తే చాలు, ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్క కట్టుకుంటాడు.

ఇక్కడున్న పాతకాలం వాళ్ళందరికీ 56 ఏ.పి.ఓ. గుర్తుండే ఉంటుంది. తూర్పు వైపు ఉన్నవాళ్ళకి 99 ఏ.పి.ఓ. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మా అమ్మకి చదువు రాదు. "మీ వాడు ఎక్కడున్నాడమ్మా?" అని ఎవరైనా అడిగితే "యాభై ఆరు ఏపీవోలో ఉన్నాడు" అని చెప్పేది. అదొక ఊరు అనుకునేది. పక్కింటి వాళ్ళబ్బాయి కూడా అక్కడే ఉన్నాడని తెలిసి, "పెద్ద ఊరే అయ్యుంటుంది నాయనా, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు కనిపిస్తూ ఉండండి" అని నాకు ఉత్తరం రాయించింది. అప్పుడు నేను పంజాబులో, వాడు లడాఖ్‌లో!

ఉత్తరాలన్నీ ఢిల్లీలోనో కలకత్తాలోనో ఉన్న బేస్ పోస్టాఫీసుకి చేరి, అక్కడి నుంచి యూనిట్ల వారీగా విడిపోయి వెళ్ళేవి. యూనిట్ ఎక్కడుందో కవరు మీద ఉండదు. గమనించండి, ఆ ఏర్పాటులో జవాను గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. మా అమ్మ గుర్తుపెట్టుకోవలసిందీ లేదు. చిరునామాలోనే రహస్యం ఇమిడిపోయింది. ఎవరు ఎంత అమాయకంగా ఉన్నా సమాచారం బయటపడని పద్ధతి అది.

ఈ రోజు జేబులో ఉన్న ఫోను ఏం చేస్తుంది? ఫోటో తీస్తే ఏ తారీకున, ఎన్ని గంటలకు, ఏ అక్షాంశం ఏ రేఖాంశం దగ్గర తీశామో, ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే, ఫోటో లోపలే రాసుకుంటుంది. పొద్దున్నే పరుగుకి వెళ్తే వెళ్ళిన దారి గీత గీసి పెడుతుంది. స్ట్రావా అనే వ్యాయామం యాప్ 2017 నవంబరులో ప్రపంచమంతటా తన వాడకందార్లు పరుగెత్తిన దారుల పటం ఒకటి విడుదల చేసింది. రెండు నెలల తర్వాత, 2018 జనవరిలో, ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న ఒక కుర్రాడు ఆ పటం చూసి, ఎడారుల్లో, ఊళ్ళు లేని చోట్ల వెలుగుతున్న గీతలు సైనిక స్థావరాలని కనిపెట్టాడు. అక్కడి సైనికులు ఎవరికీ ఏ రహస్యమూ చెప్పలేదు. ఒళ్ళు తగ్గించుకోవడానికి పరుగెత్తారు, అంతే.

ఇక నా సంగతి చెబుతాను. ఇది చెప్పడానికే వచ్చాను. నియమాలు పుస్తకంలో ఉన్నాయి, మీరు చదువుకోగలరు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

రిటైరైన తర్వాత నేను బస్తర్ ప్రాంతంలోనే ఒక సంస్థలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. సంస్థ పేరు అనవసరం, తప్పు వాళ్ళది కాదు, నాది. వారం వారం డ్యూటీ చార్టు తయారు చేయడం నా పని. ఏ బండి ఏ రోజు ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, ఏ దారిన వెళ్తుంది, అందులో ఎవరెవరు ఉంటారు, అన్నీ అందులో ఉంటాయి. కాగితం మీద ముద్రించి, ముగ్గురికి ఇచ్చి, సంతకాలు తీసుకోవాలి. ఆ కంప్యూటరులో ఉన్నది వాట్సాప్‌లో పెట్టకూడదని రాసి ఉంది. నేనే సంతకం పెట్టిన కాగితం అది.

ఒకరోజు సాయంత్రం ప్రింటరు పనిచేయలేదు. వాన. కరెంటు పోయి పోయి వస్తోంది. చార్టు తీసుకోవలసిన వాళ్ళు తలో చోట ఉన్నారు. ఫోను తీసి తెరని ఫోటో కొట్టి, మా డ్యూటీ గ్రూపులో పెట్టేశాను. అర నిమిషం పని. పైగా నాకు నేను తెలివైనవాడిలా కూడా అనిపించాను.

ఆ గ్రూపులో 41 మంది ఉన్నారు. అందులో బదిలీ అయిపోయిన వాళ్ళున్నారు, కాంట్రాక్టు అయిపోయి ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళున్నారు. ఎవరినీ ఎవరూ తీసెయ్యలేదు. వాళ్ళలో మా వైపు కుర్రాడు ఒకడు, ఈ వారం తనకి సెలవు లేదని ఇంట్లో చూపించడానికి ఆ ఫోటో వాళ్ళావిడకి పంపాడు. ఆవిడ ఇంకెవరికో పంపింది. అలా అలా అది ఊరి గ్రూపులోకి వచ్చింది. రాత్రి ఏడు గంటలకు మా బావమరిది బొబ్బిలి నుంచి ఫోను చేశాడు.

"బావా, రేపు పొద్దున్న ఆరింటికి మీ బండి బయలుదేరుతుందటగా? తొమ్మిది మంది వెళ్తారటగా? జాగ్రత్త బావా, అసలే అక్కడ రోడ్లు మంచివి కావంటారు."

వాడు ప్రేమతోనే అడిగాడు. నాకు మాత్రం కాళ్ళు చల్లబడిపోయాయి. నేను సాయంత్రం ఐదున్నరకి ఇక్కడ పెట్టిన చార్టు రెండు గంటలు తిరక్కుండా బొబ్బిలి చేరి, నా చెవిలోకే తిరిగి వచ్చింది. దారిలో ఇంకెవరెవరి దగ్గర ఆగిందో?

అప్పుడు నేను చేయవలసింది ఒక్కటే. ఫోను తీసి ఆఫీసరుకి చెప్పాలి. 24 ఏళ్ళ సిగ్నల్స్ సర్వీసు నాకు అదే నేర్పింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఎక్స్-సర్వీస్‌మన్ అన్న గౌరవంతో నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు. సివిల్ వాళ్ళ ముందు "మిలిటరీ ఆయన ఇంత పని చేశాడా" అనిపించుకోవాలి. పిల్ల పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. రాత్రంతా మంచం మీద కూర్చున్నాను. గ్రూపులో ఫోటో చెరిపేశాను. చెరిపేస్తే నా ఫోనులో కనబడలేదు, దాంతో కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఎంత పిచ్చి ధైర్యమో చూడండి.

పొద్దున్న ఆరు గంటలకు బండి బయలుదేరింది. చార్టులో ఉన్న టైముకే, చార్టులో ఉన్న దారినే, చార్టులో ఉన్న తొమ్మిది మందితో. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఒకడు చెయ్యి కూడా ఊపాడు.

తొమ్మిదింటికి ఆఫీసరు వచ్చారు, అప్పుడు వెళ్ళి చెప్పాను. ఆయన అరవలేదు. "ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నారు. నిన్న రాత్రి ఏడింటికి సార్ అన్నాను. ఆయన గోడ గడియారం చూసి, "పద్నాలుగు గంటలు" అన్నారు. అంతే. వెంటనే వైర్‌లెస్‌లో బండిని ఉన్న చోట ఆపించారు, వేరే దారిన వెనక్కి రప్పించారు, వారం చార్టు మొత్తం మార్చారు. తొమ్మిది మందీ క్షేమంగా వచ్చారు. ఏమీ జరగలేదు. నాకు లిఖితపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు, అది న్యాయమే. ఫోటో పెట్టినందుకు నన్ను నేను క్షమించుకున్నాను. ఆరు గంటలకి గేటు దగ్గర నోరు మూసుకుని నిలబడినందుకు మాత్రం ఈ రోజుకీ కుదరలేదు.

ఈ ప్రాంతంలో టైము, దారి అనేవి ఎంత విలువైనవో మీకు నేను చెప్పాలా? 2006 ఫిబ్రవరి 9 రాత్రి హిరోలిలో ప్రేలుడు పదార్థాల గోదాము మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు 8 మంది సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లు చనిపోయారు. దానికీ ఇంటర్నెట్‌కీ సంబంధం ఉందని నేను అనడం లేదు. అప్పటికి ఇక్కడ ఎస్.టి.డి. బూత్‌ల ముందే క్యూలు. కాపలా ఎక్కడ, ఎంత మంది, ఎప్పుడు మారతారు అన్నది తెలుసుకోవడానికి ఆ రోజుల్లో ఒకడు కొండ మీద కూర్చుని రోజుల తరబడి చూడవలసి వచ్చేది. ఆ శ్రమ నేను అర నిమిషంలో తప్పించాను.

ఇప్పుడు విశాఖపట్నం వద్దాం. కిరండూల్ వాళ్ళకి విశాఖ పరాయి ఊరు కాదు. బైలదిలా ఖనిజం కె.కె. లైను మీద అనంతగిరి సొరంగాలు దాటి దిగేది అక్కడికే. మన ఆసుపత్రులు, పిల్లల కాలేజీలు, సగం మంది చుట్టాలు అక్కడే. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ ఇంటెలిజెన్స్ కలిసి ఒక కేసు బయటపెట్టాయి. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్, విశాఖలో మనందరం ఫోటోలు దిగే కొండ పేరు. ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశారు. ఆ నెలాఖరుకి కేసు ఎన్.ఐ.ఎ. చేతికి వెళ్ళింది. తర్వాత ఇంకొందరు పట్టుబడ్డారు. దర్యాప్తు సంస్థలు చెప్పిన ప్రకారం, ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో ఉన్న ఖాతాల నుంచి పరిచయం మొదలైంది. కబుర్లు అయ్యాయి, తర్వాత ఓడలు ఎక్కడున్నాయన్న సమాచారం, తర్వాత డబ్బు. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లోనూ ఓడల మీదా స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది.

2022 జూన్‌లో హైదరాబాదులోనూ ఇలాంటిదే. క్షిపణి పరిశోధనశాలలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ఉద్యోగిని రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. తాను ఫలానా చోట పనిచేస్తున్నానని ఆయన తన ఫేస్‌బుక్ పేజీలో రాసుకున్నాడు. విదేశీ రక్షణ పత్రికలో పనిచేస్తున్నానని చెప్పుకున్న ఒక మహిళ పేరుతో స్నేహం కోరుతూ విన్నపం వచ్చిందని పోలీసులు చెప్పారు. మన పిల్లలు ఉద్యోగం రాగానే మొదట చేసేది కూడా ఆ పేరు ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడమే కదా! గర్వం ఉంటుంది, తప్పు పట్టలేం. కానీ ఆ ఒక్క వాక్యం ఒక దుకాణం బోర్డు లాంటిది. కొనేవాడే చూస్తాడన్న నమ్మకం లేదు.

నేను ఈ కేసులు చెప్పినప్పుడు చాలామంది "వాళ్ళు దేశద్రోహులండీ, మనం అలాంటి వాళ్ళం కాదు" అంటారు. శిక్ష సంగతి కోర్టులు చూసుకుంటాయి. కానీ ఈ కేసుల్లో మొదటి మెట్టు దేశద్రోహం కాదు, ఒంటరితనం. ఇంటికి దూరంగా, క్వార్టర్లో ఒక్కడే, రాత్రి పది గంటలు. అది మనకి తెలియనిదా?

2020 జులైలో సైన్యం 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసెయ్యమని ఆదేశం ఇచ్చింది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూకాలర్‌తో సహా. ఒక సీనియర్ అధికారి దాని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. దూరంగా, విదేశాల్లో ఉన్న కుటుంబ సభ్యులతో తనకి అదే దారి అన్నది ఆయన బాధ. ఆ ఆగస్టులో కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది, దేశ భద్రతే ముందు అని. కోర్టు చెప్పింది సరైనదే. అయినా ఆయన బాధ అబద్ధం కాదు. నియమం పెట్టేవాళ్ళు రెండూ చూడాలి. అలాంటి ఆదేశాలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కూడా. సర్వీసులో ఉన్నవాళ్ళు పాత కబురు పట్టుకుని కూర్చోకుండా, మీ యూనిట్లో ఈ రోజు ఏది అమల్లో ఉందో అది చదవండి.

ఇంకొకటి, ఇది గని ఉద్యోగులకు బాగా పనికొస్తుంది. 2019 సెప్టెంబరులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రానికి సంబంధించిన ఒక కంప్యూటరులో హానికర సాఫ్ట్‌వేర్ దొరికింది. అది రియాక్టరును నడిపే నెట్‌వర్కులోది కాదు, ఆఫీసు పనికి, ఇంటర్నెట్‌కి తగిలించిన కంప్యూటరు. రెండు నెట్‌వర్కులూ వేరువేరుగా ఉన్నందువల్ల ప్లాంటుకి ఏమీ కాలేదని సంస్థ ప్రకటించింది. కానీ ఆ ప్రకటన అక్టోబరు 30న వచ్చింది. ముందు రోజు అదే కేంద్రం నుంచి వచ్చిన ప్రకటన, అలాంటి దాడి సాధ్యమే కాదంది! అంత పెద్ద చోట కూడా మొదట వచ్చే మాట "మా దగ్గర ఏమీ జరగలేదు" అనేదే. నేను మంచం మీద కూర్చుని అనుకున్నదీ అదే.

రెండు నెట్‌వర్కులు వేరుగా ఉంచడం అంటే ఏమిటో మన కుర్రాళ్ళకి విడమరిచి చెప్పాలి. లోపలి కంప్యూటరుకీ బయటి ప్రపంచానికీ మధ్య తీగ ఉండదు. ఆ ఖాళీయే దాని గోడ. ఎవరో ఒకరు ఫోను ఛార్జింగ్‌కని లోపలి కంప్యూటరుకి గుచ్చుతారు. ఇంకొకరు పాటలున్న పెన్‌డ్రైవు పెడతారు. మరొకరు నెట్ లేదని ఫోను హాట్‌స్పాట్‌కి కలుపుతారు. లక్షలు పెట్టి కట్టిన గోడకి పది రూపాయల తలుపు పెట్టినట్టు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇంటర్నెట్‌కి తగలని యంత్రాల్లోకి కూడా పెన్‌డ్రైవుల ద్వారా పాకగలిగేలా తయారైంది. ఇరాన్‌లో అణు ఇంధనం శుద్ధి చేసే యంత్రాలు దానివల్లే పాడయ్యాయి.

ఇప్పుడు ఆఫీసర్లకి, మేనేజర్లకి ఒక మాట. కోపం తెచ్చుకోకండి.

పాలసీ పాటించడం లేదని మీరు బాధపడతారు. దాన్ని ఎలా ఇచ్చారు? ఇంగ్లీషులో ముప్పై పేజీలు, చివర ఒక గడి, దాని మీద నొక్కితే కంప్యూటరు తెరుచుకుంటుంది. ఎవరు చదువుతారండీ? మన యూనిట్లలో సాయంత్రం రోల్ కాల్‌లో ఆర్డర్లు చదివి వినిపించేవారు. నిలబడి వినేవాళ్ళం, అర్థం కానిది హవల్దారు మళ్ళీ చెప్పేవాడు. కిరండూల్‌లో హిందీ, తెలుగు, ఒడియా, గోండి, హల్బీ మాట్లాడేవాళ్ళు ఒకే షిఫ్టులో ఉంటారు. నెలకి ఒకసారి పది నిమిషాలు, వాళ్ళ మాటలో, ఒక్క నియమం, దాని వెనక కారణం చెప్పండి. కారణం తెలిసిన జవాను పాటించే తీరు వేరు. భయపడి పాటించేవాడు మీరు అటు తిరగ్గానే ఆపేస్తాడు.

రెండోది, అవసరం చూడండి. వాన పట్టిందంటే ఈ కొండల్లో సిగ్నల్ సంగతి మీకు తెలుసు. స్లీపరు తత్కాల్ 11 గంటలకు తెరుచుకుంటుంది. ఇంటి దగ్గర తల్లికి బాగోలేదు, విశాఖ వెళ్ళాలి. ఆఫీసు కంప్యూటరులో తప్ప ఎక్కడా నెట్ లేదు. వాడు ఏం చేస్తాడు? పిల్లల పరీక్ష ఫలితాలు, రిటైరైన వాళ్ళకి స్పర్శ్‌లో పెన్షన్ పని, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్, అన్నీ నెట్ మీదే. క్యాంటీన్ పక్కన ఆఫీసు నెట్‌వర్కుతో సంబంధం లేని ఒక కంప్యూటరు, ఒక కనెక్షన్ పెట్టించండి. మా 56 ఏ.పి.ఓ. లాంటి ఏర్పాటు అన్నమాట. సైన్యం జవానుని ఉత్తరం రాయవద్దనలేదు, ఉత్తరానికి దారి చూపించింది.

కేంద్ర ప్రభుత్వం 2014లోనే ఈ-మెయిల్ పాలసీ, కంప్యూటరు వనరుల వాడకం పాలసీ తెచ్చింది. 2022 జూన్‌లో ప్రభుత్వ ఉద్యోగులకి సైబర్ భద్రత సూచనలు ఇచ్చింది. ఆఫీసు కాగితాలు బయటి స్కానర్ యాప్‌లతో స్కాన్ చేయకూడదని, గూగుల్ డ్రైవ్ వంటి చోట్ల దాచకూడదని అందులో ఉంది. 2025 జనవరిలో ఆర్థిక శాఖ ఆఫీసు యంత్రాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడవద్దని తన సిబ్బందికి చెప్పింది. మన తెలుగువాళ్ళకి ఇది అవసరమైన మాట. హిందీలో నోట్ రాయడం కష్టమని, ఫైలులో ఉన్నదంతా తీసుకెళ్ళి ఆ యాప్‌లో పోసి, ఉత్తరం రాయించుకుంటున్నారు. ఉత్తరం బాగా వస్తుంది, కాదనను. ఫైలు మాత్రం ఊరు దాటిపోయింది. హిందీ రాకపోతే పక్క టేబులు శర్మగారినో వర్మగారినో అడగండి, ఒక టీ ఇప్పిస్తే సరిపోతుంది.

ముఖ్యమైనది ఇంకొకటుంది. తప్పు చేసిన మొదటి గంటలో వచ్చి చెప్పినవాడికీ, దాచిపెట్టి పట్టుబడినవాడికీ ఒకే శిక్ష వేయకండి. ఒకే శిక్ష అయితే ఎవరూ చెప్పరు. తెలియని లింకు నొక్కాను, పాస్‌వర్డు ఇచ్చేశాను, ఫోటో పంపేశాను, ఈ మాటలు ఆఫీసరుకి రాత్రి ఏడింటికే వినబడాలి, పొద్దున్న తొమ్మిదింటికి కాదు. ముఖ్యమైన సైబర్ ఘటనలు తెలిసిన 6 గంటల్లోపు తమకి తెలపాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సంస్థలకి ఆదేశం ఇచ్చింది. కింద ఉన్న మనిషి పద్నాలుగు గంటలు భయంతో మంచం మీద కూర్చుంటే, పైన ఉన్న సంస్థ ఆరు గంటల్లో ఎలా తెలుపుతుంది?

రిటైరైన సోదరులారా, మనకి ఆఫీసు లేదు కదా అనుకోకండి. పాత యూనిట్ గ్రూపులు మన ఫోన్లలోనే ఉన్నాయి. సర్వీసులో ఉన్న కుర్రాళ్ళు గౌరవం కొద్దీ మనకి ఫోటోలు పంపుతారు. "సాబ్, ఇప్పుడు మన యూనిట్ ఇక్కడుంది చూడండి" అని. సంతోషమే, కళ్ళు చెమరుస్తాయి కూడా. ముందుకి పంపకండి. "తీసెయ్యి నాయనా" అని వాడికి చెప్పండి. మన మాట వింటారు, ఆఫీసరు మాట కన్నా ఎక్కువ వింటారు. డబ్బు పోయే మోసం జరిగితే 1930కి ఫోను చేయాలి, అది కూడా వెంటనే. కొడుక్కి తెలిస్తే తిడతాడని రెండు రోజులు దాచిన పెద్దమనుషుల్ని నేను చూశాను.

మీ ఆఫీసుల పాలసీ కాగితం ప్రతులు ఈ బల్ల మీద పెట్టించాను, తెలుగులో కూడా రాయించాం. చివరి పేజీలో తప్పు జరిగితే ఎవరికి చెప్పాలో రాయడానికి ఒక గీత ఖాళీగా ఉంది. ఆ పేరు, నంబరు మీ మీ ఆఫీసర్లను అడిగి ఈ సాయంత్రమే రాసుకోండి. ఆ గీత ఖాళీగా ఉంటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, నేను విశాఖ బండి టైము దాకా ఇక్కడే ఉంటాను.